వాడ నుంచి కథ రాయాలనుకునేవాళ్లకు: ఏం చదవాలి, ఎక్కడ దొరుకుతుంది, ఎలా అచ్చవుతుంది

దళితవాడ పేరు పేపర్లో రావాలంటే ఆ వాడలో ఏదో ఒక ఘోరం జరగాలి. దాడి జరిగిన మరుసటి రోజు విలేకరులు వస్తారు. ఆ తర్వాత నిజనిర్ధారణ కమిటీ వస్తుంది. ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, నివేదిక తయారవుతాయి. ఇవన్నీ కావాల్సినవే. అయితే 50 ఏళ్ల తర్వాత ఎవరైనా మన గురించి వెతికితే, మనం దెబ్బలు తిన్న రోజుల్లోనే వాళ్లకు కనిపిస్తాం. పెళ్లిళ్లు, ప్రార్థనలు, అప్పులు, ప్రేమలు, హాస్టల్ అన్నం, డీకేటీ పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన తిరుగుళ్లు ఏ ఫైల్లోనూ ఉండవు. ఆ మిగతా రోజులను దాచిపెట్టగలిగేవి కథలు, నవలలే.

గూడూరు ప్రాంతాన్నే తీసుకుందాం. గూడూరు, సూళ్లూరుపేట, సత్యవేడు మూడూ ఎస్సీ రిజర్వుడు అసెంబ్లీ స్థానాలు. ఇక్కడ నిమ్మ మార్కెట్ ఉంది, సైదాపురం వైపు మైకా గనులున్నాయి, చిల్లకూరు, కోట మండలాల్లో సిలికా ఇసుక ఉంది, నాయుడుపేట, శ్రీసిటీ కంపెనీలకు తెల్లారేసరికి బయల్దేరే బస్సులున్నాయి, యానాది కాలనీలున్నాయి. వీటిలో పనిచేసే మనుషుల బతుకు తెలుగు కథలోకి రావాల్సినంత రాలేదు. రాయాలని ఉన్న విద్యార్థులు, కార్యకర్తలు లేక కాదు. కావాల్సిన పుస్తకాలు, చోట్లు, నియమాలు ఒకచోట దొరక్కపోవడం ఒక కారణం. అందుకే వాటిని ఇక్కడ వరుసగా పెడుతున్నాం.

నివేదికకూ కథకూ తేడా

ఉద్యమంలో ఉన్నవాళ్లకు నివేదిక రాయడం అలవాటు. ఆ అలవాటు కథకు సగం సాయం చేస్తుంది, సగం అడ్డం పడుతుంది. చూసింది చూసినట్టు రాయడం, తేదీలూ పేర్లూ సరిచూసుకోవడం సాయం. ముగింపు ముందే చెప్పేయడం, ప్రతి మనిషినీ బాధితుడుగానో దోషిగానో విడగొట్టడం అడ్డం.

ఒక ఉదాహరణ. "ఆ గ్రామంలో టీ కొట్టు దగ్గర దళితులకు ప్లాస్టిక్ గ్లాసు, మిగతావాళ్లకు గాజు గ్లాసు ఇస్తున్నారు" అనేది నివేదికలోని వాక్యం. అదే కొట్టు ముందు ఒక అవ్వ, ఆమె మనవడు నిలబడి ఉన్నారనుకోండి. పిల్లోడు గాజు గ్లాసు కావాలన్నాడు. "అది కాల్తాది నాయినా, నువ్వు పట్టుకోలేవు" అంది అవ్వ. నివేదికకు ఆ అబద్ధంతో పనిలేదు. కథ మాత్రం అక్కడే మొదలవుతుంది. ఆమె ఎందుకు అబద్ధం చెప్పింది? పిల్లోడు నమ్మాడా? టీ పోసేవాడు విన్నాడా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాస్తూ పోతే కథ నడుస్తుంది. అంటరానితనం అనే మాట ఒక్కసారి కూడా రాయాల్సిన అవసరం రాదు.

ఈ పద్ధతికి మన దగ్గరే గొప్ప పాఠం ఉంది. అంబేడ్కర్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' కల్పన కాదు, స్వానుభవం. కానీ సన్నివేశం ఎలా కట్టాలో దాన్ని చూసి నేర్చుకోవచ్చు. మంచి బట్టలు వేసుకున్న పిల్లలు తండ్రి దగ్గరికి బయల్దేరి మసూర్ స్టేషన్లో దిగుతారు. స్టేషన్ మాస్టరు మర్యాదగానే పలకరిస్తాడు. తాము మహార్లమని తెలియగానే అతని ముఖం మారిపోతుంది. ఆ తర్వాత బండి దొరకదు. రెట్టింపు కిరాయి ఇచ్చినా బండివాడు పిల్లలనే తోలుకోమంటాడు. రచయిత ఎక్కడా గొంతు పెంచడు. ఈ రచన అంబేడ్కర్ రచనలు, ప్రసంగాల ఇంగ్లీషు సంపుటాల్లో 12వ దానిలో ఉంది. ఆ సంపుటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ముందు చదవాల్సిన మన కథలు

కథ రాయడం మీద పాఠాలు చెప్పే పుస్తకాలు తెలుగులో కొన్ని ఉన్నాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు 'కథలు ఇలా కూడా రాస్తారు' కొత్తవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. అయితే వాడ నుంచి రాసేవాళ్లకు అసలు పాఠ్యపుస్తకాలు మన ముందు తరాల కథలే. ఏది దేనికి పనికొస్తుందో చూద్దాం.

ఒక వస్తువు చుట్టూ కథ కట్టడానికి: కొలకలూరి ఇనాక్ 'ఊరబావి'. ఊరి బావి, దాని నీళ్లు ఎవరివి అన్న ప్రశ్న చుట్టూ నడిచే కథ ఇది. ఇనాక్ తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా కూడా పనిచేశారు.

సీమ దళిత జీవితానికి: అనంతపురం జిల్లా రచయిత చిలుకూరి దేవపుత్ర నవల 'పంచమం', నాగప్పగారి సుందర్రాజు కథల పుస్తకం 'మాదిగోడు' (1997). సుందర్రాజు 2000లో చిన్న వయసులోనే చనిపోయారు. కర్నూలు వైపు మాదిగల మాటను దాచకుండా, దిద్దకుండా కథంతా నడపడం ఎలాగో ఆయన దగ్గర నేర్చుకోవాలి.

తరాల కథ చెప్పడానికి: జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000). రూతు అనే ముసలామె జ్ఞాపకాల గుండా కొన్ని తరాల కథ నడుస్తుంది. రాతలో లేని చరిత్రను పాట, వీధిభాగోతం, ఇంటి జ్ఞాపకం నుంచి ఎలా తీసుకోవాలో ఇది చూపిస్తుంది. అదే ఏడాది వచ్చిన వేముల ఎల్లయ్య 'కక్క' తెలంగాణ మాదిగ నుడికారంతో సాగే నవల.

చిన్ననాటి బస్తీ జీవితానికి: ఎండ్లూరి సుధాకర్ 'మల్లెమొగ్గల గొడుగు' (1999). పల్లెటూరి క్రైస్తవ దళిత బాల్యానికి: ఇండస్ మార్టిన్ 'కటికపూలు'.

స్త్రీల గొంతుకు: గోగు శ్యామల కథలు, జూపాక సుభద్ర 'రాయక్క మాన్యం', ఎం.ఎం. వినోదిని కథలు, ఆమె నాటిక 'దాహం'. బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని తీసుకుని వినోదిని దళిత అమ్మాయి కథగా మార్చారు. ఆదివారం గుడిలో విన్న వాక్యం కూడా కథకు ముడిసరుకే అని ఆ కథ చెప్తుంది.

చదువుకుని పట్నం చేరినవాళ్ల కథకు: పసునూరి రవీందర్ 'అవుటాఫ్ కవరేజ్ ఏరియా'. కులం హాస్టల్లో, ఆఫీసులో, అద్దె ఇంట్లో ఏ రూపంలో ఉంటుందో ఈ కథల్లో చూడొచ్చు.

సంకలనాల్లో ముందు గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' చూడండి. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రచనలు అందులో ఉన్నాయి. మాదిగ, ఉపకులాల స్త్రీల రచనలకు 'నల్లరేగటి సాల్లు' ఉంది. ఇంగ్లీషులో చదవగలిగితే, కన్నడ, తెలుగు దళిత రచనలతో కె. సత్యనారాయణ, సూసీ తారు తెచ్చిన 'స్టీల్ నిబ్స్ ఆర్ స్ప్రౌటింగ్' (2013) ఉంది. 2016లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ తెలుగు దళిత రచనల సంకలనం వేసింది.

వీటి పక్కన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922) కూడా చదవాలి. మద్రాసు ప్రభుత్వం నిషేధించిన నవల ఇది. రాసింది దళితేతరుడు. మన పట్ల ప్రేమ ఉన్న బయటి మనిషి ఏం చూశాడు, ఆయన కంటికి ఏం ఆనలేదు అని రాసుకుంటూ చదివితే, మనం రాయాల్సిన వాటి జాబితా తయారవుతుంది.

నచ్చిన కథను రెండుసార్లు చదవండి. మొదటిసారి పాఠకుడిగా. రెండోసారి పెన్సిల్ పట్టుకుని: కథ ఏ క్షణంలో మొదలైంది, ఎవరి కళ్లతో చూస్తున్నాం, కులం సంగతి ఎన్నో పేరాలో ఎలా తెలిసింది, చివరి వాక్యంలో రచయిత ఏం చెప్పకుండా వదిలేశాడు.

గూడూరు నుంచి పుస్తకం దాకా

పైన చెప్పిన పుస్తకాల్లో కొన్ని అచ్చులో లేవు. డబ్బు పెట్టి కొనేముందు వెతకాల్సిన చోట్లు ఇవి.

శాఖా గ్రంథాలయం. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను కడుతున్నాం. కాబట్టి కావాల్సిన పుస్తకాల జాబితాను పదిమంది సంతకాలతో లైబ్రేరియన్‌కు ఇవ్వడంలో మొహమాటం అక్కర్లేదు. దాని నకలు జిల్లా గ్రంథాలయ సంస్థకు కూడా పంపండి.

విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాలు, నెల్లూరు వైపు విక్రమ సింహపురి ఉన్నాయి. అక్కడ చదువుకునే మిత్రులుంటే వాళ్ల ద్వారా పరిచయం చేసుకుని, చదువుకోవడానికి అనుమతి అడగండి.

చెన్నై కన్నెమరా గ్రంథాలయం. గూడూరు వాళ్లు వెళ్లిరాగలిగిన పెద్ద గ్రంథాలయం ఇది. గూడూరు జంక్షన్‌లో రైలెక్కితే చెన్నైలో దిగొచ్చు. ఎగ్మూరులో ఉంటుంది. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ప్రతి ఒకటి దీనికి పంపాలి. ప్రచురణకర్తలందరూ పంపరు గానీ, వేరేచోట దొరకని తెలుగు పుస్తకం కోసం ఇక్కడ చూడటం మంచిది.

కథానిలయం. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథల గ్రంథాలయం. దాని వెబ్‌సైటులో రచయిత పేరుతో, కథ పేరుతో వెతకొచ్చు. పాత పత్రికల్లో వచ్చిన కథలను స్కాన్ చేసి పెట్టారు. ఫోన్‌లో చదువుకోవచ్చు, ఖర్చు లేదు. 1990 నుంచి కథాసాహితి వేస్తున్న ఏటేటి 'కథ' సంకలనాలు కూడా వెతికి చదవండి. ఆ ఏడు తెలుగు కథ ఎటు పోతున్నదో తెలుస్తుంది.

ఏ భాషలో రాయాలి

బడిలో మన మాటకు ఎర్రసిరా గీతలు పడ్డాయి. "వస్తా ఉండా", "చెప్తా ఉండాడు", "యాడికి", "ఎట్టా" అన్నవి తప్పులని నేర్పారు. కథ రాయడానికి కూర్చుంటే ఆ ఎర్రసిరా చేతిలోకే వచ్చేస్తుంది. అందుకే చాలామంది తొలి కథల్లో నిమ్మకాయలు ఏరే అమ్మ కూడా పేపరు భాష మాట్లాడుతుంది.

ఇది మన ఒక్కరి ఇబ్బంది కాదు. తమిళంలో బామ తన 'కరుక్కు' (1992)ను వాడ మాటలోనే రాశారు. ఆ భాష సాహిత్యానికి పనికిరాదన్నవాళ్లను దాటుకుని ఆ పుస్తకం నిలబడింది. చిత్తూరు వైపు మాటకు నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథలు పాఠకులను తయారుచేశాయి. నామిని దళిత రచయిత కారు. వాక్యం బిగువు కోసం ఆయన్ని చదవండి, వాడ మాట కోసం వాడనే వినండి.

చేయాల్సిన పని చిన్నది. ఒక నోటుబుక్ పెట్టుకుని రోజుకు ఐదు మాటలో ఐదు వాక్యాలో విన్నది విన్నట్టు రాసుకోండి. ఎవరన్నారు, ఏ పని చేస్తూ అన్నారు అన్నది పక్కన రాయండి. సంభాషణ ఒక్కటే వాడ మాటలో పెట్టి, కథనం బడి భాషలో పెట్టాలా, మొత్తం వాడ మాటలోనే నడపాలా అన్నది మీ ఇష్టం. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. దళిత పాత్ర మాటకు యాస పెట్టి, రెడ్డి పాత్ర మాటను శుద్ధంగా ఉంచితే బడి చేసిన పనే మనం చేసినట్టు. మన వైపు అందరి మాటకూ యాస ఉంది.

ఫోన్‌లో గొంతుతో టైప్ చేసే సౌకర్యం చాలా సాయం చేస్తుంది. అయితే యాసలోని మాటలను అది తనకు తెలిసిన మాటలుగా మార్చేస్తుంది. సంభాషణలను చేత్తో సరిచూసుకోవాలి. యూనికోడ్‌లోనే రాసిపెట్టుకోండి. పాత డీటీపీ ఫాంట్లలో రాసింది వెబ్ పత్రికలకు పంపాలంటే మళ్లీ మార్చాల్సి వస్తుంది.

రాసే వేళ, దిద్దే పద్ధతి

గది, బల్ల, తీరిక ఉన్నప్పుడు రాద్దామంటే మనలో చాలామంది రాయలేరు. టోనీ మోరిసన్ తన మొదటి నవల 'ది బ్లూయెస్ట్ ఐ' (1970)ని ఉద్యోగం చేస్తూ, ఇద్దరు బిడ్డలను పెంచుతూ తెల్లవారక ముందే లేచి రాశారు. రోజుకు అరగంట దొరికితే పేజీ రాయొచ్చు. మొదటి కథకు ఐదారు పేజీలు చాలు. ఒక్క రోజులో, రెండు మూడు పాత్రలతో జరిగే కథను ఎంచుకోండి.

దిద్దేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. మొదటిది: ఇందులో దళిత పాత్రకు ఏడవడం, ఎదిరించడం కాక వేరే గుణం ఏమన్నా ఉందా? హాస్యం, అసూయ, పిసినారితనం, ఆశ? రెండోది: కులం చూపించే పాత్ర రాక్షసుడిలా ఉన్నాడా, మనకు రోజూ కనిపించే మనిషిలా ఉన్నాడా? నవ్వుతూ పలకరించి గ్లాసు మార్చేవాడు కొట్టేవాడికంటే చదివేవాళ్లను ఎక్కువసేపు వెంటాడతాడు. మూడోది: వాడ లోపలి సంగతులను దాచానా? మాల, మాదిగ మధ్య దూరం, యానాదుల పట్ల మన చూపు, ఇంట్లో ఆడవాళ్ల మీద చెయ్యెత్తడం. ఇవి రాస్తే ఉద్యమానికి నష్టమని కొందరంటారు. వీటిని దాచిన కథను ముందు వాడే నమ్మదు. స్త్రీలు రాయడం మొదలుపెట్టాకే ఈ దాపరికం తగ్గిందని 'నల్లపొద్దు' చదివితే తెలుస్తుంది.

చదివి చెప్పేవాళ్లు

పట్నాల్లో కథా కార్యశాలలు జరుగుతాయి. చార్జీలు, సెలవు చూసుకుంటే అందరూ వెళ్లలేరు. నలుగురైదుగురు కలిసి నెలకోసారి అంబేడ్కర్ భవనంలోనో, హాస్టల్ గదిలోనో, చర్చి వరండాలోనో కూర్చుంటే చాలు. రాసినవాళ్లు కథను పైకి చదవాలి. వినేవాళ్లు చెప్పేదాకా రాసినవాళ్లు వివరణ ఇవ్వకూడదు. "బాగుంది" అనే మాట పనికిరాదు. ఎక్కడ ధ్యాస తప్పింది, ఏ మనిషి కళ్లకు కట్టలేదు, ఏ మాట మన వైపు అనరు అన్నవి చెప్పాలి. చదువురాని పెద్దవాళ్లనూ ఒకరిద్దరిని కూర్చోబెట్టండి. మాటలో అబద్ధం వాళ్లకు ముందు దొరుకుతుంది.

ఎక్కడికి పంపాలి

వెబ్ పత్రికల్లో ఈమాట, సారంగ, కొలిమి, స్త్రీల రచనలకు విహంగ ఉన్నాయి. అచ్చు పత్రికల్లో విరసం 'అరుణతార', 'సాహిత్య ప్రస్థానం', 'పాలపిట్ట', 'బహుజన కెరటాలు' చూడండి. దినపత్రికల ఆదివారం అనుబంధాలకు పాఠకులు ఎక్కువ, చోటు తక్కువ. పంపేముందు ఆ పత్రికలో వచ్చిన కథలు మూడన్నా చదవండి. ఒక కథను ఒకేసారి రెండుచోట్లకు పంపకండి. నిడివి, పంపే పద్ధతి పత్రికే చెప్తుంది. జవాబు రాకపోతే రెండు నెలలాగి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. కథ తిరిగొస్తే, ఆ సంపాదకుడికి నచ్చలేదని మాత్రమే అర్థం. యాస మార్చమని అడిగితే, ఏ మాట అర్థం కాలేదో అడగండి. అర్థం కాని మాటను సందర్భంతో విడమర్చొచ్చు. యాస మొత్తం తీసేయమంటే వేరే పత్రికకు పంపండి.

హక్కులు, పుస్తకం

కథ రాసిన క్షణం నుంచే దాని మీద హక్కు మీది. కాపీరైట్ చట్టం (1957) ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. పత్రికలో అచ్చయినంత మాత్రాన హక్కు పత్రికది కాదు. హక్కు ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఒప్పందంలో కాలం రాయకపోతే 5 ఏళ్లకే అని చట్టం చెప్తుంది. సినిమా, వెబ్ సిరీస్, అనువాదం, ఆడియో హక్కులు వేరువేరు. "అన్ని హక్కులూ" అన్న మాట కనిపిస్తే సంతకం పెట్టకుండా తెలిసినవాళ్లకు చూపించండి.

సొంతంగా పుస్తకం వేసుకుంటే ఐఎస్‌బీఎన్ సంఖ్య ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్‌మోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో రచయితే దరఖాస్తు చేసుకోవచ్చు. అది ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ముందు తక్కువ ప్రతులు వేయించుకుని, మిగిలిన డబ్బుతో పుస్తకాన్ని నాలుగు ఊళ్లకు తీసుకుపోయి చర్చ పెట్టించండి.

జరిగిన ఘటన మీద రాస్తే

మన కథలకు చాలాసార్లు మూలం నిజంగా జరిగిన దాడి. అత్యాచార బాధితురాలి పేరు గానీ, ఆమె ఎవరో తెలిసిపోయే ఆనవాళ్లు గానీ అచ్చువేయడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం నేరం. ఆమె చనిపోయినా ఈ నిషేధం పోదు. పిల్లల విషయంలో పోక్సో చట్టం కూడా ఇదే చెప్తుంది. ఊరిపేరు, వృత్తి, కుటుంబ వివరాలు మార్చండి. కేసు నడుస్తుంటే, కథలోని ఒక వాక్యం అవతలి లాయరుకు పనికొచ్చే ప్రమాదం ఉందేమో కేసు చూస్తున్న న్యాయవాదిని అడగండి. బతికున్న మనిషిని గుర్తుపట్టేలా రాసి, లేని నేరం అంటగడితే పరువునష్టం కేసు రావచ్చు.

చట్టం కంటే ముందు వాడ ఉంది. ఎవరి జీవితం తీసుకున్నామో వాళ్లకు కథ చదివి వినిపించాలి. వద్దంటే ఆగాలి. మన బాధను అడక్కుండా వాడుకున్నారని ఇతరులను విమర్శించే మనం ఇంతకంటే తక్కువ చేయకూడదు.

పురస్కారాలు, పోటీలు

సాహిత్య అకాడెమీ యువ పురస్కారం 35 ఏళ్ల లోపు రచయితల పుస్తకానికి ఇస్తారు. 50 వేల రూపాయలు, తామ్రపత్రం. 2011లో మొదలైంది. తెలుగులో 2015లో పసునూరి రవీందర్‌కు, 2024లో బంజారా జీవితం రాసిన 'ఢావ్లో' కథలకు రమేశ్ కార్తీక్ నాయక్‌కు వచ్చింది. నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే ప్రధానమంత్రి యువ పథకం 30 ఏళ్ల లోపు వాళ్లకు ఆరు నెలల పాటు నెలకు 50 వేలు ఇస్తూ సీనియర్ల దగ్గర శిక్షణ ఇప్పిస్తుంది. అయితే ప్రతి విడతకూ అంశాన్ని ప్రభుత్వమే ముందు నిర్ణయిస్తుంది, కల్పనకు చోటుందో లేదో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. తానా, ఆటా వంటి ప్రవాస సంఘాలు, ఉగాది, దీపావళి సందర్భాల్లో పత్రికలు పోటీలు పెడతాయి. ప్రవేశ రుసుము అడిగేవాటికీ, పంపిన కథల హక్కులన్నీ తమవే అనేవాటికీ దూరంగా ఉండండి.

మొదటి మూడు నెలలకు ఒక వరుస

మొదటి నెల: 'మాదిగోడు', 'నల్లపొద్దు', 'అంటరాని వసంతం'లో దొరికింది చదవండి, మాటల నోటుబుక్ మొదలుపెట్టండి. రెండో నెల: ఒక రోజులో జరిగే ఐదు పేజీల కథ రాసి నలుగురి ముందు పైకి చదవండి. మూడో నెల: రెండుసార్లు దిద్ది, ఒక పత్రికకు పంపండి. జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా రెండో కథకు దిగండి. నిమ్మ మార్కెట్లోనో, కంపెనీ బస్సులోనో, మీ అవ్వ చెప్పకుండా దాచిన మాటలోనో అది మీకోసం ఉంటుంది.